పది మంచాల వార్డు

"ఉచిత వైద్యం కార్డుకి మంచాలు ఖాళీ లేవమ్మా. డబ్బు కడితే గది ఇస్తాం," అన్నాడు కౌంటర్లో గుమస్తా, తలెత్తకుండానే.

ఆమె కదల్లేదు. భర్త కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ, "పోదాం పదవే," అన్నాడు.

"దారికడ్డంగా ఆ మూటేంటి? ఇక్కడే మకాం పెడతావా?" అన్నాడు గుమస్తా, ఓరకంట చూస్తూ.

"మకామే," అంటూ ఆమె మూట విప్పింది.

ఉతికి మడతపెట్టిన ఆరు ఆకుపచ్చ దుప్పట్లు.

"మీ ఆస్పత్రి బట్టలు ఉతికేది నేనే బాబూ. కార్డు వార్డులో పది మంచాలు, పదే ఆకుపచ్చ దుప్పట్లు. ఇంకోటి కొనమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా మీరు కొనలేదు. ఈ ఆరూ వారం నుంచి నా ఇంట్లోనే ఉన్నాయి. కావాలని ఒక్కరూ అడగలేదు."

గుమస్తా తలెత్తాడు.

ఆమె ఒక దుప్పటి భుజాన వేసుకుని, భర్తకు చెయ్యి అందించింది.

"ఇప్పుడు చెప్పండి, ఏ మంచం మీద పరచను?"