ఇనుప వంతెన

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. పక్కగదిలో టీవీ ముందు తండ్రి తెమిర్‌కుల్, కంప్యూటర్ ముందు కొడుకు జోమార్త్, పొయ్యి దగ్గర అతని భార్య బార్చిన్, అతని కుర్చీ వెనక గోళ్ళు కొరుక్కుంటూ చెల్లెలు బురుల్. గోనెపట్టా మీద పడుకున్న జబ్బు గొర్రెపిల్లను కూడా లెక్కేస్తే ఐదు.

కంప్యూటర్ తెర నల్లగా ఉంది. లారీల ఆట తెరుచుకోవడం లేదు.

“నువ్వే పాడుచేశావు,” అన్నాడు జోమార్త్. “ఆటలో కొత్త మ్యాపులు చేర్చే ఆ మాడ్ మేనేజరో గీనేజరో ఎక్కించావుగా!”

“నేను దాన్నింకా తెరవనే లేదన్నయ్యా. నువ్వే పొద్దున కొత్త మ్యాప్ ఫైళ్ళన్నీ చేత్తో తెచ్చి ఆట ఫోల్డర్లో పడేశావు. పాతవి పోతాయి, సరేనా అని అడిగితే అన్నిటికీ సరే నొక్కావు.”

“లారీ తోలేవాడు చేత్తోనే తోలతాడు. మధ్యలో ఇంకో మేస్త్రీ దేనికి?”

గడియారం రెండుంబావు చూపిస్తోంది. మూడింటికి జోల్చు అనేవాడు చేసిన కొత్త మ్యాప్ మీద, ఆన్‌లైన్‌లో, ముప్పై మంది లారీల వరుస బయలుదేరుతుంది. జోల్చుని ఎవరూ చూడలేదు, గొంతు కూడా వినలేదు. తమ ప్రాంతపు కొండదారులన్నీ ఆటలోకి దించి ఊరికే పంచిపెట్టే ఆ మనిషిని అందరూ ఉస్తాద్ అంటారు. మూడింటికి రాని వాడి చోటు ఇంకొకరికి పోతుంది.

“మూడింటికి ఇది తెరుచుకోలేదో, ఇక ఈ కంప్యూటర్ మీద నీ చెయ్యి పడటానికి వీల్లేదు.”

బళ్ళో పేరు పిలిస్తే లేవడానికే సిగ్గుపడే పిల్ల బురుల్. సాయంత్రాలు అన్న పనినుంచి వచ్చేలోగా ఆ ఆటలో లారీ తోలేది. అక్కడ ఆమెను ఎవరూ చూడరు, ఆమె మాత్రం అన్ని కొండలూ ఎక్కుతుంది.

“లే అన్నయ్యా. నన్ను కూర్చోనీ.”

ఆటలోని అసలు ఫైళ్ళను ఆమె ముందే ఒక పెన్‌డ్రైవ్‌లో దాచింది. అన్న సంగతి తెలుసు కాబట్టి. పాడైనవి తీసేసి వాటిని మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టింది. తెరమీద ఆకుపచ్చ గీత నత్తలా కదిలింది. రెండూ ఇరవై అయిదు. రెండున్నర. జోమార్త్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ గొర్రెపిల్లను తొక్కబోయాడు.

“ముద్దులపిల్లా, ఆ గట్టి చువ్వ కాస్త ఇటివ్వు,” అంది బార్చిన్.

బురుల్ ఇనుప చువ్వ అందించింది. జోమార్త్ నవ్వాడు. “పెళ్ళయి మూడేళ్ళయింది, ఇంకా దీనికి ఇనుమన్న మాటంటే భయమే! తెమిరంటే ఇనుమే, అది మా నాన్న పేరులో ఉంటే ఈ చువ్వ ఏం పాపం చేసింది?”

“ఆ మాటన్నా పేరన్నా ఒకటేగా. మామగారి పేరు నా నోట ఎలా వస్తుందండీ?” అంటూ ఆమె పొయ్యి కుళ్ళగించింది. తర్వాత తలెత్తకుండానే అంది, “ఏమండీ, పాత చెట్ల ఫైలు ఈ మ్యాప్‌తో కొట్టుకుంటుందని ఉస్తాద్ రాశాడని మీరే అన్నారు కదూ?”

“నేనెప్పుడన్నాను? నువ్వు నూనెలో ఆ పిండి బోర్సోక్‌లు చూసుకో. మాడిపోతున్నాయి.”

రెండూ ముప్పావుకి గీత చివరికి చేరింది. బురుల్ ఈసారి ఏదీ చేత్తో వేయలేదు. మాడ్ మేనేజర్ తెరిచి ఒక్కొక్కటే అందులోకి చేర్చింది. అది ఆట ఫోల్డర్‌ని ముట్టుకోలేదు. పాత చెట్ల ఫైలు పక్కన మాత్రం ఎర్ర గుర్తు చూపించింది. కొత్త మ్యాప్‌తో అదే కొట్టుకుంటోంది. ఆమె దాన్ని ఆపేసి, ఆట మొదలుపెట్టింది.

నలుపు. ఇంకా నలుపు. తర్వాత మంచుకొండలు.

“తెరుచుకుంది! జరుగు, జరుగు!” జోమార్త్ ఆమెను దాదాపు ఎత్తి పక్కన పెట్టాడు. మూడవడానికి ఇంకా రెండు నిమిషాలు.

ముప్పై లారీలు కదిలాయి. దారి పొడుగునా వాళ్ళ ఊళ్ళే. ప్రతి బోర్డూ ఉన్నదున్నట్టే ఉంది. జోమార్త్ ప్రతిదానికీ చప్పట్లు కొట్టాడు. “చూడవే, మన బడి! మన పెట్రోలు బంకు! వీడు మగాడంటే! అదిగో, మన ఊరి చివర ఇనుప...”

అతను బ్రేకు వేశాడు. వంతెన ముందు బోర్డు మీద ‘గట్టి వంతెన’ అని ఉంది.

“ఇదేం పేరు? పుట్టిన దగ్గర్నుంచీ అది ఇనుప వంతెనే కదా! గట్టి వంతెన అని ఎవడంటాడు?”

“ఎవడూ అనడు,” అంది బురుల్ మెల్లగా. ఒక మనిషి మాత్రం అంటుంది. పొద్దుటిపూట అన్న పనికీ, తను బడికీ, నాన్న మందవెంటా వెళ్ళాక, ఈ కంప్యూటరూ ఆ మనిషీ ఇంట్లో ఒంటరిగానే ఉంటారు.

“ఉస్తాద్‌కి చెప్పాల్సిందే,” అంటూ జోమార్త్ టకటకా రాసి పంపాడు.

బార్చిన్ గౌను జేబులో ఫోన్ గుర్రుమంది. ఆమె టీ కెటిల్ కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, సామాన్లగదిలోకి నడిచింది. బురుల్ వెనకే పరిగెత్తింది.

“వదినా, ఆ బోర్డు...”

వదిన పెదవుల మీద వేలు పెట్టి, ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది. అవతలి గదిలోంచి అన్న కేక వినిపించింది, “ఒసే బురుల్, ఉస్తాద్ జవాబు రాస్తున్నాడే!”