కళ్ళు మూసుకున్న ముప్పై మంది

సుహాస్ డాబా మీద నిలబడి మెట్ల వైపే చూస్తున్నాడు. ఎవరూ రాలేదు.

"అయిపోయింది గీతికా. నన్ను వెలివేశారు."

గీతిక రెండు గ్లాసుల్లో నిమ్మరసం తెచ్చింది. పెళ్ళికి వచ్చిన గ్లాసులు. వాటిని బయటికి తీసినప్పుడల్లా ఆమెకి పండగే.

"లక్షల మంది నీ పాట వింటున్నారు. ఇంకా వాళ్ళెందుకు నీకు?"

"లక్షల మంది వింటున్నారు. ఆ ముప్పై మంది అర్థం చేసుకున్నారు."

సుహాస్ ట్రాన్స్ డీజే. ట్రాన్స్‌లో మాటలుండవు. ఒకే దరువు సాగుతూ ఉంటుంది, దాని మీద ఒక రాగం మెల్లగా లేస్తుంది. అది లేచేదాకా ఓపిక పట్టాలి. ఫిల్మ్‌నగర్‌లో అంత ఓపిక ఎవరికుంది?

పెళ్ళయిన కొత్తలో, అంటే ఈ ఏడాదే, శనివారం సాయంత్రాలు తమ అద్దింటి డాబా మీద వాయించడం మొదలుపెట్టాడు. మొదటి వారం ఇద్దరొచ్చారు. ఒకరు కింది ఫ్లాటు పట్టాభిరామయ్య గారు, సౌండు తగ్గించమని. రెండోవాడు వాచ్‌మన్, ఆయనకి నచ్చజెప్పి తీసుకెళ్ళడానికి. సుహాస్ ఆ పూట అన్నం ముట్టలేదు. గీతిక వేడివేడి పకోడీలు తెచ్చినా ముట్టలేదు.

రెండో వారం ముప్పై మంది వచ్చారు.

అందరూ నల్లబట్టల్లో, ఒకే వ్యానులో. క్రమశిక్షణ. మొదటి దరువుకే కళ్ళు మూసుకుని ఊగడం మొదలుపెట్టారు. ఒక్కరూ ఫోను తియ్యలేదు. ఒక్కరూ సినిమా పాట అడగలేదు. మధ్యలో ఒకసారి కరెంటు పోయి సౌండు ఆగిపోయింది. అయినా వాళ్ళు ఊగుతూనే ఉన్నారు. సుహాస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వాళ్ళలో పెద్దావిడ పేరు అమ్మాజీ. కృష్ణానగర్ నుంచి వచ్చేది. ఊగేది కాదు. మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి మిగతావాళ్ళని చూస్తుండేది. ఎవరైనా కళ్ళు తెరిచినా, ఆవిడ చూపు తగలగానే మళ్ళీ మూసుకునేవారు.

"ఎలా ఉందండీ?" అని ఒకసారి అడిగాడు సుహాస్.

"మీకు తృప్తిగా ఉందా సార్? నాకదే ముఖ్యం."

ఎంత సంస్కారం అనుకున్నాడు.

"చూశావా? మంచి సంగీతం దానంతటదే జనంలోకి పాకుతుంది," అన్నాడు భార్యతో.

"పాకుతుంది," అంది గీతిక.

అలా వారం వారం సాగింది. తరవాత నిర్మాత రవిచంద్ర వచ్చాడు. ఒకే ఒక్క పాట అన్నాడు. సుహాస్ డాబా మీద వాయించే రాగాన్నే ఇచ్చాడు. దాని మీద పునుగుల గురించి మాటలు రాయించారు. హీరో లుంగీ ఎగ్గట్టి, పబ్బులో బాండీ పెట్టి, ఆ పాటకి డాన్సు చేశాడు.

యూసుఫ్‌గూడ ఆటోల్లో అదే పాట. జూబ్లీహిల్స్ పెళ్ళిళ్ళలో అదే పాట. పట్టాభిరామయ్య గారి రింగ్‌టోన్ కూడా అదే.

అప్పటి నుంచీ డాబా ఖాళీ.

"వాళ్ళ తప్పేం లేదు," అన్నాడు సుహాస్, నిమ్మరసం పక్కన పెట్టి. "పునుగులకి అమ్ముడుపోయినవాడి ముందు ఎవరు కళ్ళు మూసుకుంటారు?"

ఫోను మోగింది. రవిచంద్ర.

"తమ్ముడూ, కొత్త సినిమాలో పాటలన్నీ నీవే. ఊగిసలాడకు. పది రోజుల్లో చెప్పకపోతే వేరేవాళ్ళని చూసుకుంటా."

సుహాస్ ఆలోచించి చెబుతానని పెట్టేశాడు.

"చెయ్యాలని లేదా?" అంది గీతిక.

"ఎందుకు లేదు? సినిమా మొత్తం నా సంగీతం! చిన్నప్పటి నుంచీ అదే కదా కల." మెట్ల వైపు చూశాడు. "వచ్చే శనివారం వాళ్ళు ఒక్కసారి వచ్చి నిలబడితే చాలు. నన్ను క్షమించారనుకుని సంతకం పెట్టేస్తా."

గీతిక ఫోను తీసుకుని కిందికి వెళ్ళింది. పెరుగు తెప్పించాలంది.

శనివారం ఎండ తగ్గేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముప్పై మందీ వచ్చారు! ఈసారి వ్యానులో కాదు, ఆటోల్లో, బైకుల మీద, ఎవరికి వాళ్ళే వచ్చారు. నల్లబట్టలు కూడా లేవు. ఒకామె చంటిపిల్లని ఎత్తుకొచ్చింది. సుహాస్ ఇవేవీ గమనించే స్థితిలో లేడు. దరువు మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

గీతిక ఈసారి గ్లాసులన్నీ తీసింది.

సగంలో సుహాస్ దరువు ఆపి మైకు అందుకున్నాడు.

"మీ ముఖాలు చూశాక నాకు సిగ్గేస్తోంది. నేను దారి తప్పినా మీరు తిరిగొచ్చారు. అందుకే చెబుతున్నాను. ఆ కొత్త సినిమా నాకొద్దు. ఇకమీదట ఈ డాబా మీద పునుగుల పాట వినపడదు!"

గీతిక ట్రే పిట్టగోడ మీద పెట్టేసింది.

అందరి కళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చంటిపిల్ల ఏడుపు అందుకుంది.

"పాపం, నోట మాట రావట్లేదు వాళ్ళకి," అన్నాడు సుహాస్ భార్యతో. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ సౌండు బాక్సుల దగ్గరికి వెళ్ళాడు.

మెట్ల మలుపులో గీతిక ఎప్పటిలాగే చాటుగా అందించిన కవరుని అమ్మాజీ వెనక్కి తోసేసి, "ఈ వారం మా జూనియర్ ఆర్టిస్టులకి పేమెంటొద్దమ్మా, అందరూ ఆ పునుగుల పాట కోసమే వచ్చారు, సారు చేత ఒక్కసారి వేయించండి చాలు," అంది.