గొంతు దొంగ

"ఇప్పుడేగా అరుచుకుంటూ వెళ్ళావు, మళ్ళీ వచ్చావేంటయ్యా?" చేతిలో గిన్నెతో గేటు దగ్గరే నిలదీసింది ప్రభావతి గారు.

ఏసుపాదం మోపెడ్‌కి స్టాండు వేశాడు. వెనకాల కట్టిన చేపల ఐసు పెట్టెలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేనిప్పుడే వస్తున్నానమ్మగారూ. గిలకలదిండి రేవుకి పడవలు రావడమే ఆలస్యమైంది."

"అబద్ధాలాడకు. పండుగప్ప అన్నావు, వంజరం అన్నావు, మధ్యలో దగ్గావు కూడా. గ్యాస్ ఆపి గిన్నె పట్టుకుని పరిగెత్తుకొస్తే సందులో పిల్లి తప్ప ఎవరూ లేరు. మూడు రోజుల్నుంచీ ఇదే వరస."

"ఈ సందులో నా మైకు మోగి వారమైందండీ! ఆ మలుపింటి సాయిదుర్గమ్మ గారు, పాప నిద్ర చెడిపోతోందని నా మీద ఒంటికాలి మీద లేచారు. నా అరుపంతా ఫోన్లో ఎక్కించి వార్డు సచివాలయంలో ఫిర్యాదు పెడతానన్నారు. అప్పట్నుంచీ సందు మొదట్లోనే మైకు ఆపేసి వస్తున్నా."

"మరి అరిచిందెవరు, నీ దెయ్యమా? నా వల్ల కాదు నాయనా. రేపట్నుంచి ఆ కారతని దగ్గర కొనుక్కుంటా."

గేటు గడియ పడింది. పక్కింటావిడా ఎదురింటావిడా కూడా అదే మాట అనేసి లోపలికి వెళ్ళిపోయారు. పెట్టెలో చేపలు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి.

కారతను అంటే దైవాధీనం. పాత కారులో వెనక సీటు పీకేసి, ఐసు పెట్టెలు సర్దుకుని, నెల రోజులుగా చిలకలపూడి అంతా తిరుగుతున్నాడు. ఏసుపాదానికి విషయం మొత్తం అర్థమైపోయింది. ముందు తన గొంతు వినిపించి ఆడవాళ్ళని బయటికి రప్పిస్తున్నాడు. వాళ్ళు తన మీద విసిగిపోయాక కారు తీసుకొస్తాడు. ఎంత తెలివి!

సందు చివర కారు కనిపించగానే వెళ్ళి బానెట్ మీద ఒక్క చరుపు చరిచాడు.

"ఏయ్ దొంగ బావా, దిగు కిందకి! నా గొంతు ఎందుకు కాజేశావు?"

"నీ గొంతు నాకెందుకు బావా? నాకు కంప్యూటరమ్మాయి ఉంది." దైవాధీనం స్విచ్ నొక్కాడు. "తాజా చేపలు లభించును. దయచేసి గమనించగలరు" అంది కారు.

"ఇదేంటి, రైలు రెండు గంటలు ఆలస్యమన్నట్టు! దీనికి ఎవరొస్తారు? అందుకే నాది ఎత్తేశావు. పోయిన నెల్లో నా రికార్డింగు అడగలా?"

"అడిగా. ఇచ్చావా?"

"ఇవ్వలేదనేగా దొంగిలించావు! కాపీరైట్ అని ఒకటుంది, తెలుసా? మా మేనకోడలు పెళ్ళి వీడియోకి సినిమా పాట తగిలించి నెట్‌లో పెడితే తెల్లారేసరికి ఆ పాట మూగబోయింది. పాటకున్న హక్కు నా అరుపుకి ఉండదా?"

"ఆ రాగం మీ నాన్నది. కావిడి మోస్తూ ఆయన అరిచేవాడు. ఆయన్ని అడిగే తీసుకున్నావా?"

"అది ఆస్తి. నాకొచ్చింది."

"ఆస్తయితే మీ అక్కచెల్లెళ్ళకి వాటా ఇచ్చావా మరి?"

ఏసుపాదం అతని కాలరు పట్టుకోబోయాడు. సరిగ్గా అప్పుడే సందులోంచి వినిపించింది.

"పండుగప్పోయ్... వంజరమోయ్... ఖళ్ ఖళ్... రొయ్యల్రొయ్యల్రొయ్యలోయ్!"

దగ్గుతో సహా అతని గొంతే. కారు మైకు ఆపే ఉంది.

"మూడోవాడున్నాడు బావా" అన్నాడు దైవాధీనం గుసగుసగా. "కృత్తివెన్ను చేపలోళ్ళ బండి దిగినట్టుంది."

"దిగనీ. ముందు మైకు పగలగొడతా. తర్వాత మాట్లాడదాం."

"నేనూ వస్తా ఉండు. ఇవాళ నిన్ను ఎత్తుకెళ్ళినోడు రేపు నా కంప్యూటరమ్మాయిని వదుల్తాడా?" దైవాధీనం కారులోంచి తూకం రాయి తీసుకున్నాడు.

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు గోడవారగా నడిచారు. ప్రభావతి గారు మళ్ళీ గిన్నెతో బయటికొచ్చి, మూసి ఉన్న ఏసుపాదం నోరు చూసి బిత్తరపోయింది. ఆమె కూడా వెనకాలే బయల్దేరింది. సందులో వేరే మోపెడ్ లేదు, ఆటో లేదు. గొంతు మాత్రం మలుపింటి కిటికీలోంచి వస్తోంది.

"ఎవడ్రా లోపల?" ఏసుపాదం తలుపు దబదబా బాదాడు.

సాయిదుర్గ తలుపు తీసింది. జుట్టు ముడి ఊడిపోయింది, కళ్ళు లోతుకు పోయాయి. నోటి మీద వేలు పెట్టుకుని ఉంది. ఆమె వెనక చీర ఉయ్యాల, దాని పక్కన స్టూలు మీద ఫోను. ఫోన్లో ఏసుపాదం రొయ్యలమ్ముతున్నాడు.

"గట్టిగా మాట్లాడకండి, మీకు దణ్ణం పెడతా" అంది గొంతు బాగా తగ్గించి. "మీరు మైకు ఆపినప్పట్నుంచీ మా పాప పగలు కునుకు తీస్తే ఒట్టండీ. కడుపునొప్పేమో, చెవిపోటేమోనని నాకు ఒకటే భయం. డాక్టరు గారేమో ఏమీ లేదన్నారు. మూడు రోజుల క్రితం, ఫిర్యాదు కోసం తీసిన మీ వీడియో పొరపాటున మోగితే వింటూ వింటూ పడుకుండిపోయింది. పుట్టినప్పట్నుంచీ మీ అరుపుకే నిద్రపోతోందని నాకు తెలీలేదండీ."

ఏసుపాదం ఛాతీ పొంగింది. "విన్నావా బావా? నీ కంప్యూటరమ్మాయి వల్ల అవుద్దా ఇది?" అని, అంతలోనే మొహం గంభీరంగా పెట్టాడు. "అయినా అడక్కుండా వాడటం తప్పేనండీ. కాపీరైట్ అని..."

కుయ్‌మంటూ ఫోన్ ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయింది.

ఉయ్యాల కదిలింది. లోపల్నుంచి చిన్న మూలుగు, ఆ వెంటనే ఏడుపు అందుకునే ముందు తీసే దీర్ఘమైన ఊపిరి. దైవాధీనం చేతిలో రాయి అలాగే ఉండిపోయింది. సాయిదుర్గ కంగారుగా ఏసుపాదం వైపు తిరిగింది.

"అలా చూస్తారేంటండీ, అరవండి!"