జడ్జిగారి సాక్ష్యం

అది 1874 బేస్‌బాల్ సీజన్‌లో ఆఖరి ఆట. గాల్లోకి లేచిన బంతి నేల తాకకముందే పట్టుకుంటే గెలుపు మా ఊరిది, తాకితే అవతలి జట్టుది. మా జట్టు ఆటగాడు గారిటీ పరిగెత్తుకెళ్ళి, హద్దు మీద నిలబడ్డ జనంలో పడ్డాడు. చేతిలో బంతిని పైకెత్తి చూపిస్తూ లేచాడు.

అంపైర్‌కు జనం అడ్డమొచ్చారు. అనుమానం వస్తే చూసేవాళ్ళలో ఒక పెద్దమనిషిని అడగడం ఆ రోజుల్లో రివాజు. గారిటీ పడింది సాక్షాత్తూ జడ్జి స్టాడర్డ్ గారి కాళ్ళ దగ్గరే.

"బంతి నేల తాకిందా, జడ్జిగారూ?"

"తాకింది," అన్నారాయన తడుముకోకుండా.

ఓడిపోయాం. అయినా ఎంత గర్వపడ్డామని! సొంత ఊరు ఓడినా నిజమే చెప్పిన మహానుభావుడని పేపరు రాసింది. ఆదివారం పాస్టరు గంటసేపు ఆయన మీదే ప్రసంగించాడు. గారిటీ కనిపిస్తే మాత్రం, "ఏరా, బంతిని మట్టిలోంచి ఏరుకున్నావా?" అని వెక్కిరించాం. అబద్ధాలకోరని జట్టు అతన్ని తీసేసింది.

ఊరు వదిలి వెళ్తూ గారిటీ జడ్జిగారింటికి వెళ్ళాడు. అతని పెట్టె మోస్తూ నేనూ వెంట ఉన్నాను. జేబులోంచి విరిగిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీదే అయ్యా. బంతి ఇంకా గాల్లో ఉండగానే నా మోచెయ్యి తగిలి ఊడి, నా చొక్కాలో ఇరుక్కుంది. మరి మీకెలా కనిపించింది? చూడలేదని చెప్పొచ్చు కదా!"

జడ్జిగారు ముఖం చిట్లించారు.

"అంతమంది ముందు ఎలా చెప్పనోయ్? ఇరవై ఏళ్ళుగా కోర్టులో ఎప్పుడైనా నాకు తెలీదని చెప్పానా?"