వాగులో దిగబడ్డ బండి

మా ముత్తాత ఈ గడ్డ మీద కాలుమోపి నూట నలభై ఏళ్ళయిన సందర్భంగా, అడిలైడ్ నుంచీ పెర్త్ నుంచీ మా వంశం వాళ్ళు మూడు వందల మంది వచ్చి వాగు ఒడ్డున చేరారు. అద్దె గడ్డం అంటించుకుని, ముత్తాత వేషంలో మా కోలిన్ బాబాయి ఎద్దుల బండెక్కాడు.

“ఎవరి సాయమూ లేకుండా ఈ వాగు దాటాడు మా తాత!” అని మైకులో గర్జించి, ఎద్దుల్ని అదిలించాడు.

వాగు మధ్యలో బండి ఇరుసు దాకా దిగబడింది. ఎద్దులు తాపీగా నీళ్ళు తాగసాగాయి. మేమంతా బురదలో దిగి తోస్తే బండి ఇంకో జానెడు దిగింది. బాబాయి గడ్డం ఊడి కొట్టుకుపోయింది.

“పట్టుకోండర్రా, అది అద్దెది!”

అనాదిగా ఆ నేల మీదే ఉన్న ఆదివాసుల పెద్దావిడ ఐరిస్ ఆంటీని, మాకు స్వాగతం పలకడానికని మేమే పిలిచాం. ఆవిడ తను తోలుకొచ్చిన ట్రాక్టరు పక్కనే కుర్చీలో కూర్చుని అంతా చూస్తోంది.

“ఆంటీ, మీ ట్రాక్టరు కాస్త...” అని నసిగాడు బాబాయి.

“ముందా ఎద్దుల్ని విప్పు నాయనా. పాపం, వాటికి చరిత్ర తెలీదు.”

ట్రాక్టరుకు గొలుసు తగిలించి ఆవిడ లాగితే బండి ఒడ్డెక్కింది. అందరం చప్పట్లు కొట్టాం.

“మీ తాత బండినీ ఇక్కణ్ణుంచే మా ముత్తవ్వ వాళ్ళు లాగారు” అంది ఆంటీ, చేతులు తుడుచుకుంటూ. “చక్రం బాగవగానే వెళ్ళిపోతానన్నాడట.”

ఆవిడ వంగి చక్రాన్ని తట్టి చూసింది.

“ఇప్పుడు బాగానే ఉందిగా, నాయనా?”