ఏడు గంటల జోడీ

“వచ్చింది అంకుల్, వచ్చింది!”

మూడు రోజులుగా నల్లగా పడివున్న స్క్రీన్ వెలిగింది. సింధు కుర్చీలోనే ఎగిరి గంతేసినంత పని చేసింది. పక్కన టార్చ్ పట్టుకున్న సాయికిరణ్ చప్పట్లు కొట్టబోయి టార్చ్ జారవిడిచాడు.

“నా పెండ్లాం చెయ్యి పెడితే బండరాయి గూడ ఆన్ అయితది అంకుల్,” అన్నాడు గర్వంగా.

పెళ్లయి రెండు నెలలు. ఇద్దరిదీ మడికొండలో ఒకే ఆఫీసు. కృష్ణమోహన్ ఇంటి పైపోర్షన్‌లో అద్దెకు దిగి ఇరవై రోజులు. ఇంటి ఓనరు కంప్యూటర్ బాగుచేయడం కూడా వాళ్లకు ఒక పండగలాగే ఉంది.

కృష్ణమోహన్ మాత్రం గోడ గడియారం వైపు చూశాడు. ఆరూ పది.

“గేమ్ తెరుచుకుంటదా బిడ్డా?”

యాభై ఆరేళ్ల మనిషి. చౌరస్తా దగ్గర బట్టల దుకాణం. గిరాకీ వచ్చే సాయంత్రం పూటే దుకాణం గుమాస్తాకు అప్పజెప్పి, ఆడుకోవడానికి ఇంటికొచ్చేస్తాడు.

“ఏడింటికి నేను అండ్ల ఉండాలె. ఇప్పటికే మూడు రోజులు పోయినయి. ఇయ్యాల గూడ కనబడకపోతే నా జోడీ వేరేటోన్ని చూసుకుంటడు.”

“గింత ఫికరా అంకుల్? ఒలింపిక్సా ఏంది?” సాయికిరణ్ నవ్వాడు.

కృష్ణమోహన్ నవ్వలేదు.

సింధు లోపలంతా వెతికి దొంగను పట్టింది. కంప్యూటర్‌కు కాపలాగా పెట్టిన సెక్యూరిటీ సాఫ్ట్‌వేరే. మూడు రోజుల కిందట దానంతటదే అప్‌డేట్ అయి, ఎప్పటివో పాత ఆంక్షలన్నీ తిరిగి పెట్టేసింది. అది వదిలించుకోబోయి కృష్ణమోహన్ చేతికందిందల్లా నొక్కాడు. మొత్తం సిస్టమే పడుకుంది.

“మొత్తం తీసేస్త అంకుల్. పాస్‌వర్డ్ అడుగుతాంది.”

ఆయన చెప్పాడు. ఒక పేజీ తెరుచుకుంది. అందులో ఒకే ఒక్క గేమ్ పేరు. పక్కన ఎర్రగా తాళం బొమ్మ.

“గీ తాళం ఎవరేసిండ్రు?”

“నేనే.”

“మీరాడే గేమ్‌కు మీరే తాళమేసుకున్నరా!”

“అప్పుడు నాకు ఆట తెల్వదు బిడ్డా.”

భార్యాభర్తలిద్దరూ పగలబడి నవ్వారు. సింధు సాఫ్ట్‌వేర్‌ను వేర్లతో సహా పీకేసి, సిస్టమ్‌ను మళ్లీ ఆన్ చేసింది. కీబోర్డ్ మీద నాలుగు మీటల అక్షరాలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. అంకుల్ మామూలు ఆటగాడు కాదనుకుంది.

ఆరూ యాభై ఐదు. గేమ్ తెరుచుకుంది. ఆయన వివరాలు స్క్రీన్ మీదికి వచ్చాయి.

పేరు చింటూ. వయసు పదిహేడు. ఇంటర్ సెకండియర్, విజయవాడ.

సింధు నవ్వు ఆగిపోయింది. సాయికిరణ్ వైపు చూసింది. అతను కూడా అదే చదువుతున్నాడు.

“ఇదేంది అంకుల్?”

“ఊకెనే పెట్టిన,” ఆయన తల దించుకున్నాడు.

“మైక్ పెట్టుకోండ్రి మరి.”

“వద్దొద్దు!” హెడ్‌సెట్ వైరును ఆయన ఉలిక్కిపడి లాగేశాడు. “నా గొంతు ఇనబడొద్దు. టైప్ చేస్త.”

గొంతు దాచి, వయసు దాచి, ఈయన ఎవరిని మోసం చేస్తున్నట్టు? సింధుకు మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. పైకి వెళ్లిపోదామని భర్తకు సైగ చేసింది. అంతలో ఏడైంది.

స్క్రీన్ మూల ఆకుపచ్చ చుక్క వెలిగింది. పక్కన పేరు, మిర్చీబజ్జీ.

కృష్ణమోహన్ భార్య విజయశ్రీ వంటింట్లోంచి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్టూల్ లాక్కుని కూర్చుంది.

“యాడ సచ్చినవ్ రా చింటూ?” ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు పడ్డాయి.

కృష్ణమోహన్ ముఖం విచ్చుకుంది. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. “సిస్టమ్ ఖరాబైంది అన్నా.”

ఆట మొదలైంది. ఆయనకు ఆట ఏమాత్రం రాదు. రెండు నిమిషాల్లో కిందపడ్డాడు. మిర్చీబజ్జీ తూటాల మధ్య వెనక్కి పరుగెత్తుకొచ్చి లేపాడు.

“నా ఎనకాలే ఉండుమంటి గదరా తమ్మీ.”

“సరే అన్నా.”

ఆ తర్వాత ఆయన ఒక్క తూటా కూడా పేల్చలేదు. ముందు పోయే బొమ్మ వెనకాలే నడిచాడు. అది ఆగితే ఆగాడు.

“తిన్నడా అడుగుండ్రి,” విజయశ్రీ మెల్లగా అంది.

అడిగాడు. “తిన్న. నూడుల్స్,” అని వచ్చింది.

“రోజూ గదేనా!” ఆమె గొణిగింది.

ముప్పావు గంటకు ఆట ముగిసింది. ఓడిపోయారు.

“నీ అసోంటోనితోని ఆడుడు నా కర్మ. రేపు ఏడింటికి రా. లేటైతే తంత.”

చుక్క ఆరిపోయింది. ఆ చుక్క ఉన్నచోటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

సింధు ఉండబట్టలేకపోయింది. “ఏమనుకోకుండ్రి అంకుల్. ఇంత పెద్దమనిషై గట్ల అబద్ధాలు చెప్పి ఆడుడేంది? ఎవరు ఆ పిల్లగాడు?”

“మా శశాంక్ బిడ్డా, గా తాళమేసిననాడు నాతోని కొట్లాడి ఇంట్లకెల్లి పోయి నాలుగేండ్లాయె, ఆడేది నాయినతోనని ఎరుకైతే రేపు ఏడింటికి రాడు.”