గోడ పట్టిన మీగడ

రత్తమ్మ మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పెసరపిండిలో మీగడ కలిపి నలుగు పెడుతోంది. ఇంతలో గోడ తియ్యగా పలికింది: “జంతు పదార్థం. పాప చర్మానికి తగదు.”

ఈ రోజుల్లో ఏ ఇంటి గోడైనా ఒంటికి పూసినదాన్ని ఇట్టే పసిగడుతుంది. రసాయనాల క్రీములతో పెద్ద మనవరాలి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గోడ చెప్పిన కలబందతో, కానుగ నూనెతో తగ్గినప్పటి నుంచి రత్తమ్మ కూతురు ఇందుమతికి గోడ మాటే మాట.

“గేదె తినేదీ పచ్చగడ్డేగా! ఇదీ ఆకు మందేనే,” అని రత్తమ్మ నవ్వింది.

గోడ మాట విని పొరుగింటి కల్యాణి గుమ్మంలోంచి తొంగిచూసింది. “అయ్యో, మీ ఇంట్లో ఇంకా మీగడేనా! ఎవరండీ ఆవిడ?”

ఇందుమతి సిగ్గుతో చితికిపోయింది. “పాపకి నీళ్ళు పోయడానికి పెట్టుకున్నామండీ. చెబితే వినదు.”

కల్యాణి వెళ్ళాక “అమ్మా...” అంది ఇందుమతి. ఆపైన తల ఎత్తలేకపోయింది.

రత్తమ్మ పాప ఒళ్ళు శుభ్రంగా కడిగి, కలబంద గుజ్జు తనే రాసింది. తువ్వాలులో చుట్టి కూతురి చేతికిచ్చింది. తడిసిన కుచ్చెళ్ళు పిండుకుని, చెప్పులేసుకుని గడప దాటింది.